దేవఖాతం, మానవఖాతం: గుహల రక్షణ చట్టాలలో నిర్వచన సమస్య

వ్యాససంగ్రహం

ఆంధ్రప్రదేశ్‌లోని గుహలకు వర్తించే చట్టాలలో గుహ అనే మాటకు ఉన్న అర్థపరిధిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మన చట్టాలు గుహను మనిషి చేతిపని ఆధారంగా గుర్తిస్తున్నాయి. సహజంగా ఏర్పడిన గుహను గుహగా గుర్తించే నిర్వచనం వాటిలో లేదు. నిఘంటు సంప్రదాయం, వ్యవహార భాష, కావ్య కథలు ఈ భేదాన్ని ఎంతోకాలంగా పాటిస్తున్నాయి. ఆ వెలుగులో 1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని, బొర్రా ప్రాంతానికి సంబంధించిన 1997 నాటి సమతా తీర్పును, 1988 నాటి అమెరికా గుహా వనరుల రక్షణ చట్టాన్ని, 2022 నాటి భూవారసత్వ ముసాయిదా బిల్లును ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: గుహ, బిలం, గవి, లేణ, బెలుం, బొర్రా, సమతా తీర్పు, భూవారసత్వం.

1. ఉపోద్ఘాతం

కోనసీమలో గుహ లేదు. గోదావరి పాయలు తెచ్చి పోసిన ఒండ్రుమట్టి మీద నిలిచిన నేల ఇది. అయినప్పటికీ గుహల రక్షణను గురించిన పరిశీలనకు ఈ సీమ ఒక ఉపయోగకరమైన ఆరంభస్థానం అవుతుంది. మామిడికుదురు మండలంలోని ఆదుర్రులో ఒక బౌద్ధ స్తూపపు దిబ్బ ఉంది. అది భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉంది. అదే మండలంలోని పాశర్లపూడిలో 1995 జనవరి 8న చమురు, సహజవాయువుల కోసం తవ్వుతున్న బావిలో విస్ఫోటం సంభవించింది. ఆ మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. ఒకే మండలంలోని నేల చట్టం దృష్టిలో రెండు వేర్వేరు వస్తువులుగా కనిపించడాన్ని ఇక్కడ గమనించవచ్చు. మనిషి పేర్చిన ఇటుకలు ఉన్నచోట అది సంస్కృతి. వాటి అడుగున అది ఖనిజం. మొదటిదాన్ని తాకితే నేరం. రెండవదాన్ని తవ్వడానికి లీజు ఉంటుంది.

ఈ రెండింటిలో దేనికీ పూర్తిగా చెందని మూడవ వస్తువు గుహ. అది నేల లోపల ఉంటుంది, కానీ గని కాదు. మనుషులు అందులో నివసించారు, పూజించారు, కానీ అది వారు కట్టినది కాదు. ఇటువంటి వస్తువును మన చట్టాలు ఏ పేరుతో పిలుస్తున్నాయి, ఆ పిలుపు దాని రక్షణను ఎలా నిర్ణయిస్తున్నది అన్నవి ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్నలు. ఇది న్యాయశాస్త్ర వ్యాఖ్య కాదు. చట్టాన్ని ఒక పాఠంగా తీసుకొని చేసిన భాషా విమర్శ.

2. గుహ, బిలం, గవి, లేణ

‘గుహ’ శబ్దానికి మూలం దాచడం అనే అర్థంగల ధాతువు. గుహ్యం, గూఢం అనే మాటలూ ఆ కుదురులోనివే. అమరకోశం శైలవర్గంలో గుహకు ‘దేవఖాతబిలం’ అనే అర్థం కనిపిస్తుంది. దేవఖాతం అంటే మనుష్యులు తవ్వనిది, తనంతట తానుగా ఏర్పడినది. అంటే తెలుగు విద్యార్థులు తరతరాలుగా వల్లె వేసిన నిఘంటువు ప్రకారం గుహ అనగానే ముందుగా స్ఫురించవలసినది సహజమైన బిలం. మనిషి తొలిచిన దానికి బౌద్ధ ప్రాకృత శాసనాలలో ‘లేణ’ అనే మాట ప్రత్యేకంగా ఉంది. ఒకటి ప్రకృతి పని, మరొకటి ఉలి పని అన్న భేదాన్ని ఆనాటి భాష స్పష్టంగా పాటించింది.

వ్యవహార భాష కూడా ఈ విషయంలో నిర్లక్ష్యంగా లేదు. రాయలసీమలో సహజ గుహను ‘గవి’ అంటారు. పూర్వచారిత్రక పరిశోధనలో ప్రసిద్ధమైన ముచ్చట్ల చింతమాను గవి పేరులో ఆ మాట నిలిచి ఉంది. బెలుం అనే పేరు ‘బిలం’ నుంచి వచ్చిందని వాడుకలో ఉన్న వివరణ. బేతంచెర్ల సమీపంలోని బిల్లసుర్గం పేరును ‘బిలస్వర్గం’గా స్థానికులు అన్వయిస్తారు. బొర్రా అంటే రంధ్రమని అర్థం చెబుతారు. తొర్ర, బొరియ అనే మాటలను ఎరిగిన తెలుగువారికి ఆ అర్థం కొత్తగా తోచదు. ఈ పేర్లన్నీ స్థలాన్ని దాని లోపలి ఖాళీ ద్వారా గుర్తించినవే.

నేటి వాడుకలో మాత్రం ‘గుహలు’ అనే ఒకే మాట అన్నింటినీ కప్పివేసింది. ఉండవల్లి గుహలు, గుంటుపల్లి గుహలు, బెలుం గుహలు, బొర్రా గుహలు అని ఒకే వరుసలో చెబుతున్నాం. మొదటి రెండూ ఇసుకరాతి కొండలలో మనుషులు తొలిచినవి. తరువాతి రెండూ సున్నపురాతిని నీరు కరిగించగా ఏర్పడినవి. పాఠ్యపుస్తకంలోనూ పర్యాటక ప్రకటనలోనూ ఈ కలగలుపు వల్ల పెద్ద నష్టం కనిపించకపోవచ్చు. చట్టంలో మాత్రం నష్టం ఉంది.

3. కావ్య కథలలో గుహ

రామాయణ కిష్కింధకాండలోని స్వయంప్రభ ఘట్టం మన రామాయణ పాఠకులకు సుపరిచితం. సీతాన్వేషణలో దాహంతో అలసిన వానరులు ఒక బిలం నుంచి తడిసిన రెక్కలతో పక్షులు వెలుపలికి రావడం చూస్తారు. లోపల నీరు ఉన్నదని హనుమంతుడు ఊహిస్తాడు. గుహను జలస్థానంగా గుర్తించిన పరిశీలన అది. లోపల వారికి స్వయంప్రభ కనిపిస్తుంది. ఆ భవనం ఆమెది కాదు, ఆమె చెలికత్తె హేమది. స్వయంప్రభ దానికి రక్షకురాలు మాత్రమే. వచ్చినవారి ఆకలి తీరుస్తుంది. ప్రవేశించినవారు తమంతట తాము తిరిగి వెళ్లలేని చోటు అది. వారు కళ్లు మూసుకోగా తన తపశ్శక్తితో వెలుపలికి చేరుస్తుంది. తనది కాని దాన్ని కాపాడటం, అక్కరలో ఉన్నవారికి అందులోని నీటిని, పండ్లను నిరాకరించకపోవడం, రాకపోకలకు కట్టుబాటు ఉండటం అనే మూడు అంశాలు ఈ పాత్రలో కలిసి ఉన్నాయి. ఆధునిక న్యాయపరిభాషలో దీన్ని ధర్మకర్తృత్వం అనవచ్చు.

భాగవత దశమస్కంధంలోని శమంతకోపాఖ్యానంలో మరొక కోణం ఉంది. జాంబవంతుని గుహలో శమంతకమణి పసివాని ఆటవస్తువు. అదే మణి వెలుపల ఉన్నంతకాలం ప్రసేనుని మరణానికి, శ్రీకృష్ణునిపై నిందకు కారణమయింది. ఒకే రాయికి గుహలో ఉన్న విలువ వేరు, గుహ దాటిన తరువాత వచ్చే వెల వేరు.

మూడవది ఆధునిక కావ్యం. గుర్రం జాషువ ‘గబ్బిలం’ (1941) లో అరుంధతీసుతునికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలానికి ప్రవేశం ఉంది. లోకం అశుభంగా భావించే జీవిని కవి దూతగా ఎన్నుకోవడంలోని ధిక్కారాన్ని విమర్శకులు విస్తృతంగా చర్చించారు. ఇక్కడ చెప్పదగినది ఒక్కటే. ఏ ప్రాణికి ఏ చోట ఉండే హక్కు ఉందో నిర్ణయించేది ప్రకృతి కాదు, వ్యవస్థ చేసిన వర్గీకరణ. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కూడా పండ్లు తినే గబ్బిలాలను ఎలుకలతో పాటు 5వ షెడ్యూలులో హానికర జీవుల జాబితాలో ఉంచింది. 2022 సవరణతో ఆ షెడ్యూలు తొలగిపోయే వరకు ఆ స్థితి కొనసాగింది. పండ్ల గబ్బిలాలలో గుహలను ఆశ్రయించి బతికే జాతి కూడా మన దేశంలో ఉంది. దాని విసర్జన మీద ఆధారపడి చీకటిలో బతికే చిన్న ప్రాణులు ఎన్నో ఉంటాయి. అంటే గుహకు ఆహారాన్ని మోసుకువచ్చే జీవిని చట్టం దశాబ్దాల పాటు హానికరంగా లెక్కించింది.

నీరు, ఖనిజం, ప్రాణి, రక్షకుడు అనే నాలుగు అంశాలు ఈ మూడు రచనల నుంచి మనకు అందుతున్నాయి. చట్టాల పాఠాన్ని ఈ నాలుగింటితో పోల్చి చూడటం ఉచితం.

4. 1958 చట్టం: నిర్వచనంలోని షరతు

పురాతన కట్టడాలు, పురావస్తు స్థలాలు, అవశేషాల చట్టం (1958) లోని ‘పురాతన కట్టడం’ నిర్వచనంలో నిర్మాణాలు, దిబ్బలు, సమాధి స్థలాలతో పాటు గుహలు, శిలాశిల్పాలు, శాసనాలు, ఏకశిలలు కూడా పేరు పెట్టి చేరాయి. ఆదుర్రు దిబ్బకూ గుంటుపల్లి గుహలకూ ఒకే వాక్యంలో చోటు దొరికింది. అయితే ఆ వాక్యానికి రెండు షరతులు ఉన్నాయి. ఆ వస్తువుకు చారిత్రక, పురావస్తు లేదా కళాత్మక ప్రాముఖ్యం ఉండాలి. అది కనీసం 100 సంవత్సరాలుగా ఉనికిలో ఉండాలి.

లక్షల ఏళ్ల గుహకు రెండవ షరతు హాస్యాస్పదంగా తోచవచ్చు. అసలు సమస్య మొదటి షరతులో ఉంది. చారిత్రకం, పురావస్తు సంబంధం, కళాత్మకం అనే మూడు విశేషణాలూ మనిషి జాడను కోరేవే. మనిషి అడుగుపెట్టని గుహ, పెట్టినా ఆనవాలు విడవని గుహ ఈ నిర్వచనంలోకి రాదు. నిర్వచనంలో గుహ పేరు ఉన్నప్పటికీ, అది లేణకు వర్తించినంత నేరుగా బిలానికి వర్తించదు.

రాజ్యాంగంలోనూ ఇటువంటి విభజనే కనిపిస్తుంది. 49వ అధికరణం కళాత్మక, చారిత్రక ప్రాముఖ్యం గల కట్టడాలను, స్థలాలను, వస్తువులను కాపాడే బాధ్యతను రాజ్యం మీద ఉంచింది. 51ఎ అధికరణంలోని ప్రాథమిక విధులు సహజ పర్యావరణాన్ని కాపాడమంటూ అడవులు, సరస్సులు, నదులు, వన్యప్రాణులను పేర్కొన్నాయి. ఆ జాబితా ఉదాహరణప్రాయమే కనుక గుహను కూడా అందులో చేర్చి చదవవచ్చు. కాని పేరు చెప్పిన వాటికి శాఖలూ చట్టాలూ ఏర్పడ్డాయి. పేరు చెప్పనిది వ్యాఖ్యానం మీద ఆధారపడి మిగిలింది.

2010 సవరణ తెచ్చిన దూరాల నియమం కూడా ఈ సందర్భంలో చర్చనీయం. రక్షిత ప్రదేశపు సరిహద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, దానికి ఆవల మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నేల మీద నిలిచిన గుడికి ఈ కొలత సరిపోతుంది. గుహ విషయంలో ఈ కొలత ఎక్కడి నుంచి మొదలు కావాలి? ముఖద్వారం నుంచా, లోపలి చివరి గది నుంచా, ఆ గుహకు నీరు అందే వాలు నుంచా? బెలుం గుహలోని పాతాళగంగ అనే నీటిపాయ కొంతదూరం పారి నేలలోకి మాయమవుతుంది. అది సుమారు 2 కిలోమీటర్ల దూరంలోని బెలుం గ్రామపు బావికి చేరుతుందని అక్కడివారి నమ్మకం. ఆ నమ్మకంలో ఒక శాస్త్రీయ సూచన ఉంది. సున్నపురాతి నేలలో నీటికి భూమి పైన గీసిన హద్దులు వర్తించవు.

5. ఒకే ప్రకృతి, వేర్వేరు శాఖలు

గుహ అనే వర్గం చట్టంలో లేకపోవడం వల్ల ప్రతి గుహా తన పక్కన ఉన్న మరొకదాని పేరుతో రక్షణ పొందవలసి వస్తోంది. ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలోని గుంటుపల్లి బౌద్ధ చైత్యాల కారణంగా పురావస్తు సర్వేక్షణ పరిధిలో ఉంది. నంద్యాల జిల్లా యాగంటిలోని సహజ గుహలు ఉమామహేశ్వరాలయ క్షేత్రంలో భాగం కనుక దేవాదాయ వ్యవస్థ ద్వారా గుర్తింపు పొందాయి. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం 3,229 మీటర్ల పొడవు గల గుహ. దీన్ని 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ గుర్తించాడు. 1982, 1983లలో డేనియల్ గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం లోపలి మార్గాలను అన్వేషించింది. 2002లో సందర్శకుల ప్రవేశం మొదలైంది. దాని నిర్వహణ పర్యాటకాభివృద్ధి సంస్థది.

బిల్లసుర్గం ఉదాహరణ మరింత ఆలోచింపజేస్తుంది. 1883–85 మధ్య ఫుట్, ఆయన కుమారుడు అక్కడ తవ్వకాలు జరిపి జంతు శిలాజాలను వెలికితీశారు. తరువాతి కాలంలో ఎం.ఎల్.కె. మూర్తి ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వి కర్నూలు గుహల పూర్వచరిత్ర అధ్యయనాన్ని ముందుకు నడిపారు. ఈ పరిశోధనలకు ఆధారం శిల్పం కాదు, శాసనం కాదు. గుహ నేలలోని మట్టిపొరలు, ఆ పొరలలోని ఎముకలు. పొర చెదిరితే కాలక్రమం చెదురుతుంది. గుప్తనిధుల కోసం పాత స్థలాలను తవ్వడం రాయలసీమలో తరచు వినవచ్చే విషయం. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం 10 రూపాయలకు మించిన నిధి దొరికితే అధికారికి తెలియజేయమంటుంది. నిధి దొరకనప్పుడు తవ్విపోసిన మట్టికి ఆ చట్టంలో విలువ లేదు. పరిశోధకునికి విలువైనది మాత్రం ఆ మట్టే.

బేతంచెర్ల పేరు తెలుగు ఇళ్లలో వినిపించేది నేల మీద పరిచే బండల వల్ల. ఆ ప్రాంతపు సున్నపురాయి బండగానూ సిమెంటుగానూ రాష్ట్రమంతటికీ చేరుతుంది. గుహ ఏర్పడింది అదే రాతిలో. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం దృష్టిలో ఆ రాయి తవ్వదగిన ఖనిజం. ఆ రాతిలోని ఖాళీకి ఆ చట్టంలో ప్రత్యేకమైన పేరు లేదు. పేరు లేని ఖాళీని లీజు పటంలో ఎవరు గుర్తించాలి? ఈ ప్రశ్నకు నిర్దిష్టమైన సమాధానం లేకపోవడమే నిర్వచన లోపపు ఆచరణాత్మక ఫలితం.

6. బొర్రా: భూమి చట్టం నీడలో గుహ

అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలోని బొర్రా ఈ చర్చకు కేంద్రం. వర్షపు నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పమైన ఆమ్లంగా మారి సున్నపురాతిని కరిగిస్తుంది. గుహలోకి చేరిన చుక్క ఆ వాయువును వదిలినప్పుడు కరిగిన పదార్థం మళ్లీ కాల్సైటుగా పేరుకుంటుంది. పైనుంచి వేలాడే స్టాలక్టైట్లు, కింద నుంచి ఎదిగే స్టాలగ్మైట్లు అలా ఏర్పడినవే. బొర్రాలో శివలింగంగా పూజలందుకునే రూపం కూడా అటువంటిదే. గోస్తనీ నది పేరును గుహలో పడిన ఆవు కథతో ముడిపెట్టి చెబుతారు.

ఈ ప్రాంతంలో గనుల లీజులపై సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1997 జులై 11న తీర్పు ఇచ్చింది. వివాదం బొర్రా రిజర్వు అడవి, దాని పరిసరాలలోని 14 గ్రామాలకు సంబంధించినది. లీజులలోని ఖనిజాలలో కాల్సైటు ఒకటి. భక్తుడు మొక్కే లింగమూ లీజులో రాసిన ఖనిజమూ రసాయనికంగా ఒకే పదార్థం. శమంతకోపాఖ్యానంలో చూసిన విలువకూ వెలకూ మధ్య భేదం ఇక్కడ న్యాయస్థానం ముందుకు వచ్చింది.

అయితే తీర్పు ఆధారపడినది గుహ విలువ మీద కాదు. 1970 సవరణతో కూడిన 1959 నాటి ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధనలోని ‘వ్యక్తి’ అనే పదం మీద. ఆ పదంలో ప్రభుత్వం కూడా చేరుతుందని, కనుక షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం గిరిజనేతరులకు ఇచ్చిన గనుల లీజులు చెల్లవని మెజారిటీ న్యాయమూర్తులు నిర్ణయించారు. ఒక్క పదపు అర్థపరిధి ఒక ప్రాంతపు భవిష్యత్తును మార్చిన సందర్భం ఇది. నిర్వచనాల చర్చ పండితుల కాలక్షేపం కాదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఈ తీర్పు నుంచి రెండు అంశాలను గ్రహించవచ్చు. మొదటిది, బొర్రా పరిసరాలకు దక్కిన గట్టి రక్షణ ఆదివాసుల భూమి హక్కు ద్వారా వచ్చింది. రెండవది, బెలుం, బిల్లసుర్గం ఉన్న నేల షెడ్యూల్డు ప్రాంతం కాదు. అక్కడి గుహలకు ఆ నీడ లేదు. ఒకే విధమైన సహజ సంపద ఒకచోట కవచంతోనూ మరొకచోట కవచం లేకుండానూ ఉండటం న్యాయవ్యవస్థలోని అసమానత.

7. రెండు పోలికలు

1988 నాటి అమెరికా సమాఖ్య గుహా వనరుల రక్షణ చట్టం గుహను సహజంగా ఏర్పడిన, మనిషి ప్రవేశించగల భూగర్భ ఖాళీగా నిర్వచించింది. గనులు, సొరంగాలు, మనిషి తవ్విన ఇతర ఖాళీలను నిర్వచనం నుంచి మినహాయించింది. అమరకోశంలోని దేవఖాతబిలానికి ఇది చాలా దగ్గర. గుహలోని జీవులు, మొక్కలు, శిలాజాలు, అవక్షేపాలు, ఖనిజ రూపాలు అన్నీ ‘గుహా వనరులే’. ప్రాణుల స్వేచ్ఛా సంచారానికి అడ్డుపడటం కూడా నేరమే. దాని నియమావళి గుహ ప్రాముఖ్యాన్ని నిర్ణయించే ప్రమాణాలలో జీవజాలం, జలం, భూవిజ్ఞానంతో పాటు సాంస్కృతిక విలువనూ చేర్చింది. ముఖ్యమైన గుహల స్థానవివరాలను గోప్యంగా ఉంచే ఏర్పాటు కూడా ఉంది. దాచబడినది అనే ధాత్వర్థాన్ని ఒక చట్టం ఆచరణలో పెట్టినట్లు దీన్ని చదవవచ్చు. అయితే ఈ చట్టం సమాఖ్య ప్రభుత్వ భూములకే పరిమితం. ప్రైవేటు భూములలోని గుహలకు అది వర్తించదు.

మన దేశంలో కేంద్ర గనుల మంత్రిత్వ శాఖ 2022 డిసెంబరులో భూవారసత్వ స్థలాలు, భూఅవశేషాల ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది. భూవారసత్వ స్థలాల నిర్వచనంలో గుహలతో సహా సహజ భూరూపాలను పేర్కొనడం దాని ప్రత్యేకత. మనిషి జాడతో నిమిత్తం లేకుండా గుహకు విలువ ఉందని ఒప్పుకునే ఆలోచన అందులో కనిపిస్తుంది. ఇది స్వాగతించదగినది. కాని అధికారాలను కేంద్రానికి, భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు కేంద్రీకరించిందని, స్థానిక సమాజాలకు తగిన చోటు ఇవ్వలేదని దానిపై వచ్చిన విమర్శ కూడా సమంజసమే. భూవిజ్ఞాని గుహలోని రాతిని చదవగలడు. ఆ గుహకు ఏ నెలలో నీరు వస్తుందో, ఏ పొద్దున గబ్బిలాలు తిరిగి వస్తాయో, ఏ తిథిన ఎవరు మొక్కు చెల్లిస్తారో తెలిసినవారు ఆ ఊరివారు.

8. పరిశీలనలు

పై చర్చ నుంచి రాష్ట్రస్థాయిలో కొన్ని ఆలోచనలు చేయవచ్చు. 1960 నాటి రాష్ట్ర పురాతన, చారిత్రక కట్టడాల చట్టం ఇప్పటికే అమలులో ఉంది. అందులో సహజ గుహను తొలిచిన గుహ నుంచి వేరుచేసే నిర్వచనం చేర్చడం మొదటి అడుగు కావచ్చు. రక్షణ పరిధిని ముఖద్వారం నుంచి మీటర్లలో కాక, గుహకు నీరు చేరే పరీవాహకాన్ని బట్టి నిర్ణయించడం రెండవది. సున్నపురాతి ప్రాంతాలలో లీజుకు ముందు గుహల సర్వే తప్పనిసరి కావడం మూడవది.

నాలుగవది అన్నింటికంటే ముఖ్యం. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు తమ సంప్రదాయాలను, సామూహిక వనరులను కాపాడుకునే అధికారాన్ని గుర్తించింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరులను సంరక్షించుకునే హక్కును ఇచ్చింది. గుహల రక్షణ వీటికి పైన కూర్చునే కొత్త అధికారం కాకూడదు. రక్షణ పేరుతో మేకల కాపరిని, మొక్కు తీర్చుకునే కుటుంబాన్ని ద్వారం దగ్గర ఆపి, టిక్కెట్టు కొన్నవారికి మాత్రం రంగురంగుల దీపాల వెలుగులో తలుపు తెరిచే పద్ధతి రక్షణ అనిపించుకోదు. ఎడతెగని వెలుతురు గుహ గోడల మీద నాచు పెరగడానికి దారితీస్తుందన్నది గుహాశాస్త్రంలో స్థిరపడిన విషయం. పర్యాటకం మీద ఆధారపడిన స్థానిక ఉపాధి వాస్తవమే. కనుక ప్రవేశాన్ని నిషేధించడం కాదు, దాన్ని గుహ సహించగల మేరకు నియమించడం మార్గం. స్వయంప్రభ చేసినది అదే.

కొత్త చట్టం కంటే ఉన్న చట్టాల అమలు ముఖ్యమన్న వాదన ఎదురు కావచ్చు. అందులో నిజం ఉంది. అయితే అమలును అడగాలంటే ముందు ఎవరిని అడగాలో తెలియాలి. నిర్వచనం లేనిచోట బాధ్యత గల అధికారి ఉండడు. పురావస్తు, పర్యాటక, అటవీ, దేవాదాయ, గనుల శాఖలలో ప్రతిదానికీ గుహలో కొంత భాగం కనిపిస్తుంది. మొత్తం గుహ ఏ ఒక్కరికీ కనిపించదు.

9. ముగింపు

గుహను మన చట్టం మనిషి చేతిపనిగా చదివింది లేదా రాతి నిల్వగా చదివింది. నిఘంటువు దాన్ని దేవఖాతంగా, జనం గవిగా, కావ్యం నీరూ ప్రాణీ రక్షకురాలూ ఉన్న చోటుగా గుర్తించాయి. చట్టభాషకు కావలసిన పదసామగ్రి తెలుగులో కొరతగా లేదు. ఆ మాటల మధ్య ఉన్న భేదాలను శాసనకర్తల ముందుకు తీసుకువెళ్లే పనిలో న్యాయశాస్త్ర, భూవిజ్ఞాన విభాగాలతో పాటు తెలుగు శాఖలకూ పాత్ర ఉంది. గుహలకు సంబంధించిన స్థలనామాలు, స్థానిక కథలు, మాండలిక పదాల సేకరణ ఇంతవరకు జానపద విజ్ఞానంలో భాగంగానే జరుగుతూ వచ్చింది. ఒక గుహకు ఊరివారు ఎంతకాలంగా ఏ పేరు పెట్టి పిలుస్తున్నారో నమోదు చేస్తే, అది రేపు లీజు వివాదంలో ఆ గుహ ఉనికికి సాక్ష్యంగా కూడా పనికివస్తుంది. గుహ లేని కోనసీమలోని పరిశోధక విద్యార్థి కూడా చేయగల పని ఇది.